బంతిలో కనపడని వీరుడు

అమ్మాయీ,

నీ సినిమా స్క్రిప్టు అందింది, చదివాను. లంకలో, అదే మన ఏటి మధ్య దీవిలో, నలుగురు రెండో రకం వీరులు, ఒక రేవు, ఏరు దాటించే పంటు ఒకటి, అడ్డంగా గోదావరి. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని రాశావు కాబట్టి చెబుతున్నాను. సగం వరకు బ్రహ్మాండంగా ఉంది. వంటింట్లోంచి మీ అత్తయ్యగారు వచ్చి "ఏంటంత నవ్వు" అని అడిగేలా నవ్వాను. ఇంటర్వెల్ దాటాక పిడుగు పడింది.

నిజంగా పిడుగే వేశావు. నలుగురూ వానకి కొబ్బరితోటలో తలదాచుకుంటే మెరుపు మెరిసి, వాళ్ళ శక్తులన్నీ వందరెట్లు పెరిగిపోయాయి. అప్పటిదాకా ఎంత అరిచినా పక్కవాడికి వినపడని రేవు టికెట్ల మనిషి ఒక్క కేకతో లారీలు ఎగరగొట్టాడు. మోకాలి నొప్పితో పది నిమిషాల ముందు వాన చెప్పే బామ్మ ఏకంగా తుపానునే దారి మళ్ళించింది. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. వాళ్ళు నిజం వీరులైపోయాక ఇంక నాకు వాళ్ళతో పనేముంది? అలాంటివాళ్ళు శుక్రవారం శుక్రవారం థియేటర్లో దిగుతూనే ఉన్నారు.

ముందు ఆ పిడుగు తీసెయ్. మొదటి సీనులో వాళ్ళ శక్తి ఎంతో, శుభం కార్డు పడేటప్పటికీ అంతే ఉండాలి. బెత్తెడు కూడా పెరగకూడదు. ఆ కాస్త శక్తి సరిగ్గా సరిపోయే చోటు ఒకటి వెతికి, కథని అక్కడిదాకా నడిపించుకెళ్ళడమే నీ పని. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

'మిస్టరీ మెన్' చూశాక ఈ ఆలోచన వచ్చిందని దాచుకోకుండా రాశావు. మంచిదే. అది 1999లో వచ్చిన హాలీవుడ్ హాస్యచిత్రం, నీ వాళ్ళలాంటి రెండో రకం సూపర్‌హీరోల కథ. అంతవరకు ప్రకటనలు తీసిన కింకా అషర్ దర్శకుడు, బాబ్ బర్డెన్ కామిక్స్‌లోని పాత్రలు. నువ్వు అందులోంచి వేషాలు తీసుకున్నావు. అసలు తీసుకోవాల్సింది వేరే ఉంది. కళ్ళజోడు వాదన గుర్తుందా? కెప్టెన్ అమేజింగ్ అనే పెద్ద వీరుడు మామూలప్పుడు లాన్స్ హంట్ అనే కోటీశ్వరుడిగా, కళ్ళజోడు పెట్టుకుని తిరుగుతుంటాడు. ఇద్దరూ ఒకడేనని బెన్ స్టిల్లర్ వేసిన మిస్టర్ ఫ్యూరియస్ అంటాడు. పార పట్టుకుని పోట్లాడే విలియం మేసీ పాత్ర ససేమిరా ఒప్పుకోదు. లాన్స్ హంట్‌కి కళ్ళజోడుంది, కెప్టెన్‌కి లేదు. వేషం వేసుకునేటప్పుడు తీసేస్తాడయ్యా అంటే, తీసేస్తే మరి కళ్ళు కనపడవు కదా అంటాడు. ఆ ముక్క అంటున్నప్పుడు మేసీ మొహం చూడు. బ్యాంకులో లోను కాగితాల మీద సంతకం పెట్టేవాడికి ఎంత శ్రద్ధ ఉంటుందో అంత శ్రద్ధ. తాను జోకేస్తున్నట్టు ఆ పాత్రకి తెలియదు.

నీ స్క్రిప్టులో బామ్మ తన మోకాలి మీద తానే జోకులేస్తోంది. "నా మోకాలు వాతావరణ శాఖరా" అంటుంది, పక్కనున్న మనవడు నవ్వుతాడు. పాత్రలు నవ్వేశాక హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇంక మిగిలేదేముంది? బామ్మకి తన మోకాలంటే నమ్మకం, గర్వం, కొంచెం భయం కూడా ఉండాలి. నొప్పి మొదలవగానే చేతిలో పని వదిలేసి గోడ గడియారం వంక చూడాలి. పది నిమిషాలు. ఊళ్ళో ఎవరూ నమ్మకపోయినా ఆవిడ మాత్రం దండెం మీద బట్టలు తీసేస్తుంది. అంతే రాయి. నవ్వు దానంతట అదే వస్తుంది.

అదే సినిమాలో ఇంకొకటి. ఎవరూ చూడనప్పుడు మాత్రమే మాయమయ్యే కుర్రాడు ఒకడున్నాడు. ఎవరైనా చూస్తుంటే మాయం కాలేడు, ఎవరూ చూడకపోతే మాయమైనట్టు రుజువు లేదు. ఈ షరతు ముందే గట్టిగా బిగించారు కాబట్టి, చివర్లో మనుషులు కాకుండా యంత్రాలే నడిపే కాపలా తుపాకులు ఎదురైనప్పుడు వాడి అవసరం పడింది. శక్తి పెరగలేదు. దానికి తగిన తాళం దొరికింది. అదే సినిమాలో, నిజంగా కోపం వచ్చాక మిస్టర్ ఫ్యూరియస్‌కి నిజంగానే బలం వచ్చేసి విలన్ని చితకబాదేస్తాడు. అక్కడ కాస్త జారారని నా అభిప్రాయం. నీ పిడుగు కూడా ఆ జారుడులోంచే వచ్చిందనుకుంటాను.

ఆ సినిమాకి 68 మిలియన్ డాలర్ల దాకా ఖర్చు పెడితే ప్రపంచమంతా కలిపి వచ్చింది దాదాపు సగం. ఎందుకు ఆడలేదో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. నాకు తోచింది ఒకటుంది, అది నీకు పనికొస్తుంది. ఎక్స్‌మెన్ మొదటి సినిమా వచ్చింది 2000లో, స్పైడర్‌మ్యాన్ 2002లో. అంటే సూపర్‌హీరోల జాతర మొదలవకముందే వీళ్ళు జాతర మీద వెటకారం చేశారు. జనానికి మొహం మొత్తాలి, అప్పుడే ఎగతాళి ఎక్కుతుంది.

మరి మన జనానికి మొహం మొత్తింది దేనితో? రెక్కల అంగీలతో కాదు. కాలు కింద పెట్టగానే దుమ్ము లేచి, సుమోలు గాల్లోకి లేచి, నలభై మంది రౌడీలు బత్తాయిల్లా దొర్లే ఎంట్రీ సీనుతో. అరవై దాటిన హీరో కాలేజీ మెట్ల మీద బ్యాగు భుజాన వేసుకోవడంతో. నీ వీరులకి బిగుతు బట్టలు, కళ్ళకి ముసుగులు తొడిగావు. అవి ఎవరివో బట్టలు. నీ లంకలో కుర్రాడు వీరుడవ్వాలనుకుంటే ముందు చేసేది కాలరెత్తి, స్లో మోషన్‌లో నడిచి చూసుకోవడం. రేవు దగ్గర ఇసుకలో స్లో మోషన్‌లో నడిస్తే ఏమవుతుందో ఆ సీను నువ్వే రాసుకో, నాకు ఇప్పుడే నవ్వొస్తోంది.

పెద్ద వీరుడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కెప్టెన్ అమేజింగ్ ఒంటినిండా కంపెనీల ముద్రలు, రేసు కారు నడిపేవాడిలాగా. స్పాన్సర్లు జారిపోతున్నారని, పోట్లాడ్డానికి సరైన విలన్ లేడని, ఆస్పత్రిలో బంధించి ఉన్న పాత విలన్ని తానే బయటికి తెప్పిస్తాడు. అద్భుతమైన మెలిక. నువ్వు దాన్ని యథాతథంగా తెచ్చి నీ భీమవరం వీరుడికి కూల్ డ్రింకు బొమ్మ అంటించావు. మన దగ్గర డబ్బు కూల్ డ్రింకులో లేదమ్మా, రొయ్యల మేతలో ఉంది. పైగా మన పద్ధతి వేరు. అతని వెనక రెపరెపలాడే అంగీ ఒక ఫ్లెక్సీ అయ్యుండాలి. మధ్యలో అతని నిలువెత్తు ఫొటో, పైన పెద్దల గుండ్రటి ఫొటోలు, కింద వరసగా పాస్‌పోర్టు సైజులో పాతికమంది, "జన్మదిన శుభాకాంక్షలతో". అతను ఎవరినైనా కాపాడటానికి దూకే ముందు కింది వరసలో మూడో ఫొటో తాలూకు మనిషి వచ్చి "అన్నా, నా మొహం మడతలో పడిందన్నా" అని గొడవ పెట్టుకోవాలి. కాపాడాల్సినవాడు ఆగాలి.

ఇప్పుడు నీ నలుగురి దగ్గరికి వస్తాను. స్క్రిప్టులో ప్రాణమంతా ఇక్కడే ఉంది.

బంతిలో కనపడని మనిషిని నువ్వు ఎలా పట్టుకున్నావోగానీ బంగారం. పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళకి అతను కనపడడు, పక్క విస్తట్లో వేసి ఇతన్ని దాటి వెళ్ళిపోతారు. మన వైపు బంతి భోజనాలు తెలిసినవాళ్ళందరికీ ఇలాంటి బంధువు ఒకడుంటాడు. కానీ ఆ సీనుని పేజీన్నర గోలగా రాశావు. అతను అరుస్తాడు, గిన్నె లాక్కుంటాడు, కింద పడతాడు. అవన్నీ తీసేసి ఇలా చూడు.

ఆకు వేశారు. నీళ్ళు చిలకరించుకుని తుడుచుకున్నాడు. ఉప్పు వేసే చిన్నపిల్ల ఉప్పు వేసింది, దానికి ఇంకా గరిటె చేతికి రాలేదు కాబట్టి అతను కనపడ్డాడు. ముద్దపప్పు గరిటె పక్కాకు మీద ఆగి, ఇతని ఆకు దాటి, అవతలాకు మీద వాలింది. పనసపొట్టు కూరా అంతే. బూరెల పళ్ళెం అతని మొహం ముందునుంచే వెళ్ళింది, నెయ్యి వాసన కూడా వచ్చింది. అతను కుడిచేయి ఆకు మీద పెట్టుకుని, అలవాటైన మనిషిలాగా ఉప్పు కొంచెం నాలిక మీద వేసుకున్నాడు. బంతి లేచింది. గుమ్మం దగ్గర పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించి "భోజనం చేశారాండి?" అన్నాడు. "ఆయ్, పనసపొట్టు కూర మా బాగా కుదిరిందండి" అన్నాడితను.

అంతే. ఆ ఒక్క మాటలో మనిషి ఎవరో తెలిసిపోతుంది. అవమానాన్ని ఎదుటివాడికి అంటనివ్వకుండా మింగేసే మర్యాద. దీని తర్వాత ప్రేక్షకుడు అతన్ని వదలడు.

నువ్వు చేసిన పొరపాటల్లా, నలభయ్యో పేజీలో ఇతన్ని బ్యాంకులోకి పంపి పోలీసులకి కూడా కనపడకుండా చెయ్యడం. అదెలా కుదురుతుంది? చేతిలో గరిటె ఉన్నవాళ్ళకి మాత్రమే కనపడడు అని గీత గీసుకున్నావు కదా, ఆ గీత దాటకు. గీత బిగించిన కొద్దీ కథ పుడుతుంది. విలన్ ఇంట్లో కాగితం ఒకటి తేవాలి, గుమ్మం దగ్గర పదిమంది మనుషులున్నారు. ఏం చెయ్యాలి? ఆ పదిమంది చేతుల్లో గరిటెలు పెట్టాలి. విలన్ గారి గృహప్రవేశం, వంటవాళ్ళు నలుగురు రాలేదు, మన బామ్మ కొంగు బిగించి వెళ్ళి "ఏవయ్యా, నిలబడి ఏం చేస్తావ్, ఒక వరస అందుకో" అని ఒక్కో రౌడీ చేతిలో ఒక్కో గరిటె పెడుతుంది. సాంబారు గరిటె, పులిహోర గరిటె, పెరుగు గరిటె. ఇతను వాళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోతాడు. ఒక్కడు మాత్రం పెరుగు అయిపోయి గరిటె కింద పెట్టబోతుంటాడు. అక్కడ టెన్షన్. నీ పిడుగుకి లక్షలు పోసి గ్రాఫిక్స్ చేయించాలి, దీనికి అద్దె గరిటెలు చాలు.

బామ్మ పది నిమిషాలూ అంతే. తుపానుకి పది నిమిషాలు ఎందుకూ చాలవు. కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉన్నప్పుడు పది నిమిషాలంటే కుటుంబం ఏడాది తిండి. దాళ్వా, అంటే రెండో పంట కోతలప్పుడు అకాల వానలకి మనవాళ్ళు ఎలా పరుగులు పెడతారో నీకు తెలియనిది కాదు, రోడ్డు పొడుగునా వడ్లు, పక్కనే మడతపెట్టిన బరకాలు. ఊరంతా నవ్విన ఆవిడ మాట విని ఒక్క కౌలురైతు బరకం కప్పుతాడు. మిగతావాళ్ళు కప్పరు. తర్వాత ఏం జరుగుతుందో చూపించు, ఎవరి చేతా ఆవిడకి క్షమాపణ చెప్పించకు. మర్నాటినుంచి వాళ్ళు కళ్ళంలోంచి ఆవిడ మోకాలి వంక దొంగచూపులు చూస్తే చాలు.

కొబ్బరికాయ నెత్తిన పడని మనిషి సంగతి. దింపు కార్మికుడు, ఏ చెట్టుకింద నిలబడ్డా కాయ అతని మీద పడదు. కొబ్బరికాయ ఎవరి నెత్తినా పడదని మన వైపు ఎలాగూ అంటారు కాబట్టి అతని శక్తిని ఎవరూ శక్తిగా లెక్కపెట్టరు. నువ్వు చివర్లో అతనికి కూడా ఒక ఉపయోగం వెతికావు, విలన్ మీద కాయలు కురిపించావు. వద్దు. ఒక్కడైనా చివరిదాకా ఎందుకూ పనికిరానివాడు ఉండనీ. అయినా ప్రతి సమావేశానికీ అందరికంటే ముందు వస్తాడు, అందరికీ బొండాలు కొట్టి ఇస్తాడు. జట్టులోంచి తీసేద్దామా అన్న చర్చ ఒకటి రావాలి, ఆ చర్చ అతను కొట్టిచ్చిన బొండాలు తాగుతూనే జరగాలి.

నాలుగోవాడు రేవులో టికెట్లు కోసేవాడు. అతను మామూలుగా మాట్లాడితే అందరికీ వినపడుతుంది. అరిస్తే మాత్రం ఈ గట్టున ఎవరికీ వినపడదు, అవతలి గట్టున వినపడుతుంది. నలుగురిలో నాకు బాగా నచ్చిన శక్తి ఇదే, నువ్వు తక్కువ వాడుకున్నదీ ఇదే. ఇంట్లో భార్యతో పోట్లాట పెట్టు. ఇవతల వాళ్ళింట్లో అతను నోరు తెరిచి చేతులు ఊపుతుంటాడు, చప్పుడు లేదు, ఆవిడ గిన్నెలు తోముకుంటూ "ఏంటండీ గొణుగుతున్నారు" అంటుంది. అవతలి ఊళ్ళో అరుగు మీద ముసలాళ్ళు మాత్రం అంతా వింటారు. "ఇవాళ కూరలో ఉప్పట." "కాదెహె, బావమరిది అప్పు తీర్చలేదట." ఏళ్ళ తరబడి అతని సంసారం వాళ్ళకి రేడియో నాటకం. అతనికి ఆ సంగతి తెలియదు.

ఇక విలన్. హైదరాబాదు నుంచి వచ్చిన శాస్త్రవేత్త లేజరుతో ధవళేశ్వరం బ్యారేజీ బద్దలు కొట్టి డెల్టాని ముంచుతాడని రాశావు. చదువుతుంటే జాలేసింది, విలన్ మీద. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భాగాలుగా ఉన్న ఆ బ్యారేజీకి 175 గేట్లు. వరద రోజుల్లో గేట్లన్నీ పైకెత్తేసే ఉంటాయి, నీళ్ళు సముద్రంలోకి పోతూనే ఉంటాయి. వాడు బద్దలు కొట్టడానికి మూసి ఉన్న గేటు ఒక్కటైనా దొరకాలిగా. మనల్ని ముంచడానికి గోదావరికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర 43 అడుగులు, 48, 53 అని ఒక్కో హెచ్చరికా దాటుతూ టీవీలో అంకెలు మారుతుంటే లంకల్లో ఆడవాళ్ళు బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కిస్తారు. వరద రాత్రి నీ కథలో ఉండాల్సిందే. దాన్ని మనిషెవడూ తేనక్కర్లేదు.

నీ విలన్ నీ స్క్రిప్టులోనే ఉన్నాడు, నువ్వు గమనించలేదు. పన్నెండో పేజీలో రేవుని వేలంపాటలో పాడుకున్న పెద్దమనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. లంకకి వంతెన పడితే అతని పంటు వ్యాపారం పోతుంది. కాబట్టి వంతెన ఫైలు ఎక్కడో ఆగిపోవాలి, ఆ ఆగిన కాగితం అతనింట్లో ఉండాలి. ఇతను ప్రపంచాన్ని నాశనం చెయ్యాలనుకోడు, మనిషికి ఇరవై, మోటారు సైకిలుకి యాభై వస్తే చాలనుకుంటాడు. రెండో రకం వీరులకి రెండో రకం విలనే జోడీ. ఇతను మంచివాడు కూడా అయ్యుండొచ్చు ఒక్కోసారి. శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోడు. తిరిగొచ్చేటప్పుడు టికెట్టు డబ్బు మాత్రం తీసుకుంటాడు.

క్లైమాక్స్ నువ్వే రాయాలి, దారి మాత్రం చూపిస్తాను. రాత్రి, కరెంటు లేదు, సెల్ టవర్ బ్యాటరీ అయిపోయింది. పంటు కట్టేశారు. లంకలో ఒక పల్లపు వీధిలోకి నీళ్ళొచ్చాయి, మోటారు బోటున్న సహాయకులు అవతలి గట్టున ఉన్నారు. మన టికెట్ల మనిషి ఏటిగట్టు మీద నిలబడి అరుస్తాడు. పక్కనున్నవాళ్ళకి ఏమీ వినపడదు. "అరవవయ్యా బాబూ" అని తిడతారు. అతను అరుస్తూనే ఉన్నాడు. తన కేక అవతలికి చేరిందో లేదో అతనికీ తెలియదు, ఎన్నడూ తెలియలేదు. అటు అరుగు మీద ముసలాయన చెవి రిక్కిస్తాడు. "ఇది పెళ్ళాంతో తగువు కాదురోయ్." ఆ తర్వాత టార్చిలైటు ఒకటి వెలగాలి, ఇంకొకటి. ఇన్నాళ్ళూ నవ్వులకి వాడుకున్న రేడియో నాటకమే ఇక్కడ పనికొచ్చింది. అవతలివాళ్ళకి ఆ గొంతు తెలుసు కాబట్టి కదిలారు. బోటు వచ్చాక దిగినవాడు మొదట అడగాల్సిన ప్రశ్న ఏంటో కూడా చెప్పనా? "బావమరిది అప్పు తీర్చాడా?"

ఇంకో సంగతి. మన సినిమాల్లో హాస్యం చాలాకాలం ట్రాకుగా బతికింది. అల్లు రామలింగయ్యది పాలకొల్లు, రాజబాబుది రాజమండ్రి, నవ్వించడంలో మన నేలకి లోటు లేదు. కానీ కథ బరువంతా హీరో మోస్తుంటే వాళ్ళు మధ్యలో వచ్చి నవ్వించి వెళ్ళేవాళ్ళు. అంతకు ముందు తోలుబొమ్మలాటలోనూ అంతే, రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు దూరి బంగారక్కతో తగువేసుకుంటాడు. అక్కడ కేతిగాడు ఎంత చిల్లరగా ఉన్నా ఫరవాలేదు, వెనకాల రామాయణం ఉంది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఆ ఆట తెలిసిన కుటుంబాలున్నాయి, సెలవు దొరికితే వెళ్ళి ఒకసారి తెర దగ్గర కూర్చుని చూడు. నీ సినిమాలో ఉన్నవాళ్ళంతా కేతిగాళ్ళే, వెనక రామాయణం లేదు. అంచేత బరువు కూడా వాళ్ళ భుజాల మీదే పెట్టాలి. అప్పు, కౌలు, కూతురి ఫీజు, ఏటి కోతకి ఏడాదికింత పోతున్న కొబ్బరితోట. ఇవి నీ స్క్రిప్టులో డైలాగుల్లో వచ్చి పోతున్నాయి. సీన్లలోకి రానీ.

ఇళ్ళ సీన్లు పెంచమనడానికి కారణం అదే. మిస్టరీ మెన్‌లో ఫోర్కులు విసిరేవాడు తల్లితో కలిసి ఉంటాడు, దొంగ ఇంగ్లండు యాసలో మాట్లాడుతూ తిరుగుతాడు. తల్లి వెండి సామాను తీస్తూ ఆవిడకి దొరికిపోయి, తానెవరో ఒప్పుకుంటాడు. ఆవిడ కోప్పడుతుందనుకుంటాం. మురిసిపోయి, దాచుకున్న వెండి సామాను తీసి వాడి చేతిలో పెడుతుంది. పోట్లాటలన్నీ మర్చిపోయినా ఈ సీను నాకు గుర్తుండిపోయింది. నీ బంతి మనిషికి ఇంట్లో ఎవరున్నారు? నువ్వు రాయలేదు. ఇంట్లో వడ్డించే మనిషికి కూడా చేతిలో గరిటె ఉంటుంది కదా. మరి ఇంట్లో అతను ఎలా తింటాడు? ఈ ప్రశ్న నిన్ను నిద్రపోనివ్వకూడదు. ఆవిడ చేత్తో కలిపి ముద్ద పెడుతుందా, గిన్నెలు మధ్యలో పెట్టేసి ఎవరిది వాళ్ళు వేసుకుంటారా? జవాబు నువ్వే వెతుక్కో, కానీ ఆ జవాబులోనే వాళ్ళ కాపురం మొత్తం ఉంటుంది.

చిల్లర విషయాలు త్వరగా చెప్పేస్తాను. ప్రతి డైలాగుకీ "ఆయ్" తగిలించావు. మనవాళ్ళు ఎక్కడ ఆయ్ అంటారో నీ చెవికి తెలుసు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రాస్తున్నావు కాబట్టి బెంగతో ఎక్కువ వేశావు. పేజీకి ఒకటి చాలు. మన వైపు మాటలో అసలు పదును ఎదుటివాణ్ణి గారు, అండీ అంటూనే కోసెయ్యడంలో ఉంది. నీ రేవు పెద్దమనిషి నోట ఒక్క తిట్టూ రాకూడదు. "తమరు మాట్లాడకపోతే మాకు పొద్దుపోదండి" అంటే చాలు. సంక్రాంతి విందులో పులస పెట్టావు, అది వరదనీటికి ఎదురొచ్చే చేప, జనవరిలో ఎక్కడ దొరికింది? మే నెల సీనులో నిండు కాలువలో పడవ షికారు ఉంది, దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, వానాకాలం పంట సార్వాకి నీళ్ళు వదిలేదాకా అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. అదే పెట్టు, వీరుల శిక్షణ ఎండిన కాలువలో జరగనీ. శిక్షణ ఇచ్చే గురువు పాత్ర అక్కర్లేదు, తీసెయ్. సామెతలు తిరగేసి చెప్పే గురువు మిస్టరీ మెన్‌లో ఉన్నాడు, వాడు అక్కడే ఉండనీ. పాటలు రెండుకి మించొద్దు. నలుగురి పేర్లకి ముందు బిరుదులు పెట్టావు, బిరుదులు వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నవి అయ్యుండాలి, ఊరు పెట్టిన పేర్లు వేరే ఉండాలి, ఊరి పేర్లే నిలవాలి.

నిర్మాత ఒకాయన "చివర్లో గ్రాఫిక్స్ లేకపోతే జనం రారు" అన్నారని, అందుకే పిడుగు వేశానని రాశావు. ఆయనతో వాదించకు. గరిటెల సీను, ఏటిగట్టు కేక సీను, రెండే రెండు పూర్తిగా రాసి ఆయనకి చదివి వినిపించు. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. పెరుగు గరిటె కింద పెట్టబోయే చోట ఆగి ఆయన మొహం చూడు. ముందుకి వంగితే పిడుగు సంగతి ఆయనే ఎత్తడు. వంగకపోతే ఆ సీను మళ్ళీ రాద్దాం, పిడుగు మాత్రం వెయ్యం.

రెండో ప్రతి ఫోన్లో పంపకు, అంత చిన్న అక్షరాలు నా కళ్ళకి ఆనడం లేదు. ప్రింటు తీసి, ఎడమవైపు బాగా మార్జిన్ వదిలి పోస్టులో వెయ్యి. దసరాకి ఇంటికొస్తే ఒక పూట ఇటు రా, బంతి మనిషి ఇంట్లో ఎలా తింటాడో అప్పటికి తేల్చుకుని రా. మీ అత్తయ్యగారు ఆ జవాబు కోసం ఇప్పటికే నన్ను రెండు పూటలా అడుగుతోంది.

ఆశీస్సులతో,
నీ మాస్టారు
అమలాపురం